ఆ డ్రమ్ములో ఏముండె?

ఇంటర్నెట్‌లో చిట్కుల్ అని వెతికితే ముందు హిమాచల్‌ప్రదేశ్ మంచుకొండలు వస్తాయి. ఈ వ్యాసంలోని చిట్కుల్ అది కాదు. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోది. ఆ చుట్టుపక్కల పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలున్నాయి. ఆ వాడలు వదిలించుకున్న ఇనుముతో బతికే తుక్కు దుకాణాలూ ఉన్నాయి. అలాంటి ఒక దుకాణంలో, వంకరపోయిన చువ్వల కట్టల వెనక, పాత బార్బెక్యూ స్మోకర్ ఒకటి నా కంటబడింది. అడ్డంగా పడుకోబెట్టిన ఇనుప పీపా, దానికి ఒక పక్క అతికించిన చిన్న నిప్పుపెట్టె, రెండో చివర పొగగొట్టం. కబాబు పొయ్యిలాగా నిప్పు మీద మాంసాన్ని నేరుగా కాల్చే సాధనం కాదిది. పక్క పెట్టెలో కట్టె కాలుతుంటే ఆ పొగా వేడీ పీపాలోంచి సాగిపోతూ, 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య మాంసాన్ని గంటల తరబడి మగ్గబెడతాయి.

మూత కీలు బిగుసుకుపోయింది. పీపా బయటంతా ఇటుకరంగు పొడి. నిప్పుపెట్టె అడుగున వేలితో గీరితే రేకులు రేకులుగా ఊడివచ్చింది. దుకాణదారు పాత ఇనుము ధరకు, కిలోల లెక్కన తూచి ఇచ్చాడు.

దాని పక్కనే మరొకటి అమ్మకానికి ఉంది. 200 లీటర్ల డ్రమ్మును నిలువునా రెండుగా చీల్చి, కాళ్లు వెల్డింగ్ చేసి, పైన జాలీ పెట్టారు. ఇది చూడటానికి శుభ్రంగా ఉంది, నీలిరంగు కూడా పోలేదు. "ఇందుల ఏముండె అన్నా?" అని అడిగాను. "ఏమో సార్, కంపెనీల కెళ్లి వచ్చింది. ఆయిలే ఉండె గావచ్చు" అన్నాడు. ఈ వ్యాసం తుప్పు గురించీ, ఆ 'గావచ్చు' గురించీ. రెండింటిలో తుప్పు చిన్న సమస్య. అయినా ముందు దాని సంగతే చూద్దాం, ఎందుకంటే జనం భయపడేది దానికే.

తుప్పు పట్టడం ఇనుము నిదానంగా కాలడం లాంటిదే. కట్టె కాలితే ఆక్సిజన్‌తో కలిసి వేడినిస్తుంది. ఇనుమూ అంతే, కాకపోతే ఏళ్ల మీద. ఒక కిలో ఇనుము మొత్తం ఆక్సైడుగా మారితే వెలువడే వేడి సుమారు 7 మెగాజౌళ్లు, అంటే దాదాపు అరకిలో ఎండుకట్టె కాల్చినంత. నెమ్మదిగా వస్తుంది కాబట్టి చేతికి తెలియదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు కమ్మరులు మూసల్లో ఉక్కు తయారుచేసేవారు; పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారని 1820లలో అక్కడికి వెళ్లిన భూగర్భవేత్త హెన్రీ వాయిసీ రాశాడు. ఆ కమ్మరి కొలిమిలో బొగ్గు తగలేసి ఇనుపరాయి నుంచి ఆక్సిజన్‌ను విడదీశాడు. వాన వచ్చి దాన్ని తిరిగి కలుపుతుంది. తుప్పంటే ఇనుము మళ్లీ తన రాయిగా మారడం.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే ఇనుపరేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు వేసి కూర్చోవాలి. కేంబ్రిడ్జిలో ఉలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త గత శతాబ్ది తొలి భాగంలో ఇదే పని చేశాడు. బొట్టు అంచున నీటిపొర పలుచన, గాలిలోని ఆక్సిజన్ సులువుగా చేరుతుంది. నడిమధ్యకు చేరదు. ఆక్సిజన్ అందని మధ్యభాగంలో ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి నీళ్లలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహంలోంచి అంచుకు ప్రయాణించి అక్కడ ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి హైడ్రాక్సైడును పుట్టిస్తాయి. రెండూ ఎదురుపడిన చోట ఎర్రటి వలయం ఏర్పడుతుంది. బొట్టు ఆరాక తుడిచి చూస్తే గుంట పడింది వలయం కింద కాదు, మధ్యలో. తుప్పు కనిపించే చోటొకటి, ఇనుము అరిగే చోటొకటి.

పాత స్మోకర్‌ను పరీక్షించేవాడికి ఈ ఒక్క విషయం తెలిస్తే సగం పని అయినట్టే. పీపా బయట ఎర్రగా, పొడిగా, సమంగా పరుచుకున్న తుప్పు కళ్లకు భయంకరం. కానీ దాని కింద పోయిన లోహం చాలా తక్కువ. ఆక్సిజన్ అందకుండా తడి దాగిన చోట్లు వేరే ఉంటాయి: పెచ్చు లేచిన పెయింటు కింద, అతుకుల సందుల్లో, అన్నింటికంటే ముఖ్యంగా బూడిద కింద. బూడిద క్షారం, ఒట్టి క్షారం ఇనుముకు నిజానికి రక్షణే. కానీ బూడిదలోని పొటాషియం కార్బొనేటు గాలిలోని తేమను లాక్కుని తనంతట తాను తడిసిపోతుంది. దానికి క్లోరైడు లవణాలూ, మాంసం నుంచి కారిన ఉప్పు కొవ్వూ తోడు. ఒక వానాకాలమంతా అలా వదిలేస్తే నిప్పుపెట్టె అడుగు జల్లెడ అవుతుంది. నా స్మోకర్‌లో జరిగింది అదే.

కీలు బిగుసుకుపోవడానికీ ఇదే రసాయనం కారణం. పోయిన ఇనుము కంటే దాని తుప్పు రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. కీలు సందులో ఉబ్బడానికి ఖాళీ లేదు కాబట్టి అది మేకు కొట్టినట్టు బిగుస్తుంది. కిరసనాయిలు లాంటి పలుచటి నూనె పోసి ఒక రాత్రి వదిలి, మర్నాడు చిన్న సుత్తితో అటూ ఇటూ తట్టాలి. తొందరపడి పెద్ద సుత్తి ఎత్తితే కీలు విరుగుతుంది.

ఇక లోహం ఎంత మిగిలిందో చూడాలి. సుత్తి మడమతో తట్టితే గట్టి రేకు గణగణమంటుంది, కుళ్లినది బొదబొదమంటుంది. మందపాటి స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే దిగకూడదు. మంచి స్మోకర్లను ఆరు మిల్లీమీటర్ల రేకుతో చేస్తారు. చవకవి రెండు మిల్లీమీటర్లు కూడా ఉండవు. నా దానికి పీపా గట్టిగా ఉంది, నిప్పుపెట్టె అడుగు పోయింది. ఆ అడుగును కోయించి మూడు మిల్లీమీటర్ల నల్ల రేకు వెల్డింగ్ చేయించాను. కొత్త రేకు మామూలు ఇనుముదే కావాలి, జింకు పూత రేకు వద్దు. ఎందుకో కింద చెబుతాను.

తుప్పు గీకడానికి వైర్ బ్రష్, గరుకు కాగితం చాలు. ఓపిక లేనివారు గ్రైండింగ్ మిషన్‌కు కప్ బ్రష్ తగిలిస్తారు. కళ్లద్దాలూ మాస్కూ లేకుండా ఆ మిషన్ పట్టవద్దు. ఒక సంగతి చాలామందికి తెలియదు: బ్రష్ నుంచి ఊడిన సన్నటి తీగముక్క జాలీకి అంటుకుని, అక్కడి నుంచి మాంసంలోకీ, అక్కడి నుంచి గొంతులోకీ దిగబడిన కేసులను వైద్య పత్రికలు నమోదు చేశాయి. పని ముగిశాక తడి గుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడవాలి. మూత లోపలివైపు నల్లగా పెచ్చులు ఊడుతుంటే పెయింటు లేచిందని బెంబేలు పడవద్దు. లోపల పెయింటు వేయరు. అది ఏళ్ల తరబడి పేరుకున్న కొవ్వూ మసీ.

జాలీ విషయంలో నేను బ్రష్‌ను నమ్మలేదు. సందు సందుకూ గీకడం మనిషి చేసే పని కాదు. ఇక్కడ విద్యుత్తు చేసే పని చూడముచ్చటగా ఉంటుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున చాకలి సోడా కలపాలి. జాలీని అందులో వేలాడదీసి, పన్నెండు వోల్టుల బ్యాటరీ చార్జర్ ఋణ ధ్రువాన్ని దానికి తగిలించాలి. ధన ధ్రువానికి ఒక పనికిరాని ఇనుప చువ్వ, జాలీకి తగలకుండా. స్విచ్ వేసిన నిమిషానికి జాలీ ఒళ్లంతా సన్నటి బుడగలు లేస్తాయి, గంటకు నీటి మీద ఎర్రటి నురగ కడుతుంది. ఇన్నాళ్లూ గాలి లాక్కున్న ఎలక్ట్రాన్లను మనం తిరిగి ఇస్తున్నాం. ఎర్ర తుప్పు కొంత నల్లటి మాగ్నెటైటుగా మారి పట్టు వదులుతుంది, కొంత బుడగల తోపుడుకు ఊడిపోతుంది. మర్నాటికి గుడ్డతో తుడిస్తే బూడిదరంగు ఇనుము బయటపడింది. తీగలు తారుమారైతే మాత్రం అరిగేది చువ్వ కాదు, జాలీ. బుడగలు హైడ్రోజన్ వాయువు, కాబట్టి ఆరుబయటే చేయాలి. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు ఎన్నడూ పెట్టవద్దు. అందులోని క్రోమియం నీళ్లలోకి దిగి హెక్సావాలెంట్ రూపంలోకి మారుతుంది. అది క్యాన్సర్ కారకం.

ఆమ్లాల మార్గమూ ఉంది. వెనిగర్‌లో నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు సిట్రిక్ ఆమ్లం. మూడింటిలో నిమ్మ ఉప్పు మేలు, అది ఇనుప అయాన్లను పట్టుకుని నీళ్లలోనే నిలిపి ఉంచుతుంది. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం వద్దు. తుప్పు నిమిషాల్లో పోతుంది, నిజమే. కానీ సందుల్లో మిగిలిన క్లోరైడు వారంలో కొత్త తుప్పు పట్టిస్తుంది. ఏ ఆమ్లం వాడినా చాకలి సోడా నీళ్లతో కడిగి వెంటనే వేడిగా ఆరబెట్టాలి.

ఇక తుప్పును తీయకుండా మార్చేయడం. ఢిల్లీ ఇనుప స్తంభం దాదాపు 1600 ఏళ్లుగా నిలిచి ఉండటానికి దానిలోని ఎక్కువ ఫాస్ఫరస్ కారణమనీ, అది ఉపరితలం మీద ఫాస్ఫేటు పొర కట్టిందనీ ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. హార్డ్‌వేర్ కొట్లలో దొరికే తుప్పు ద్రావణాల్లో ఎక్కువవాటిలో ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లమే. స్తంభం మీద ప్రకృతి చేసిన పనికి దూరపు చుట్టం లాంటి పని చేస్తుంది. కొన్నింటిలో టానిన్లు ఉంటాయి. టానిన్ల సంగతి మన కలంకారీ కళాకారులకు రసాయనశాస్త్రం కంటే ముందు తెలుసు. శ్రీకాళహస్తిలో బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము వేసి పులియబెట్టిన ద్రవంతో దాని మీద గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయ టానినూ ఇనుమూ కలిసి కట్టిన నలుపు అది. స్మోకర్ కాళ్ల మీదా, చక్రాల ఇరుసు మీదా ఈ ద్రావణాలు వాడుకోవచ్చు. ఆహారం ఉండే పీపా లోపల వద్దు, అక్కడికి నూనె ఉంది.

కొత్త ఇనుప పెనానికి ఉల్లిపాయ ముక్క నూనెలో ముంచి రుద్దే ఇల్లాలికి ఈ భాగం వివరించనక్కర్లేదు. పలుచగా రాసిన నూనెను 200 డిగ్రీలు దాటించి వేడి చేస్తే అందులోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు గాలిలోని ఆక్సిజన్‌తో ఒకదానికొకటి ముడిపడి, గట్టి నల్లటి పొరగా మారతాయి. ఆ పొర తడిని లోహం దాకా పోనివ్వదు. ఏ నూనె బాగా ముడిపడుతుందో దాని అయోడిన్ సంఖ్య చెబుతుంది: కొబ్బరికి 6 నుంచి 11, వేరుశనగకు 85 నుంచి 105, పొద్దుతిరుగుడుకు 110 నుంచి 145, అవిసెకు 170 నుంచి 200. కొబ్బరినూనె అందుకే పనికిరాదు. అవిసె అన్నింటికంటే వేగం, కానీ పొర పెళుసుగా పెచ్చులు లేస్తుందని వాడినవారి ఫిర్యాదు. నేను తెలంగాణలో పండే కుసుమ నూనె వాడాను. గుడ్డతో రాసి, అదే గుడ్డతో తుడిచేయాలి; మందంగా రాస్తే జిగురవుతుంది. మూడు విడతలు, ఒక్కోటి రెండు గంటల మంట. నూనె గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయవద్దు. ముఖ్యంగా అవిసెనూనె గుడ్డలు తమలో తాము వేడెక్కి అంటుకుంటాయి.

బయటి వైపు వేడి తట్టుకునే సిలికోన్ పెయింటు వేయవచ్చు. మూత చుట్టూ తాడు కావాలంటే ఫైబర్‌గ్లాస్‌దే అడగండి. పాత స్మోకర్‌కు ఉన్న బూడిదరంగు తాడు ఆస్బెస్టాస్ కావచ్చు. అనుమానముంటే గీకకుండా, తడిపి, జాగ్రత్తగా తీయించాలి.

కట్టె సంగతి చెప్పకపోతే అన్యాయం. మన చెరువు గట్ల మీద, బీడు భూముల్లో ఎవరికీ అక్కర్లేకుండా పెరిగే సర్కారు తుమ్మ, టెక్సాస్‌లో బార్బెక్యూ వాళ్లు మురిసిపోయే మెస్కీట్ చెట్టుకు దాయాది, ఒకే ప్రజాతి. కట్టెలోని లిగ్నిన్ వేడికి విరిగి గ్వాయకాల్, సిరింగాల్ అనే ఫినాళ్లుగా మారుతుంది. పొగ వాసనా రుచీ ఎక్కువగా వాటివే. ఎండిన కట్టె గాలి బాగా ఆడుతూ మండితే గొట్టంలోంచి సన్నటి నీలిపొగ వస్తుంది. కణాలు ఎంత చిన్నవంటే అవి నీలికాంతినే ఎక్కువ చెదరగొడతాయి. తెల్లగా సుడులు తిరుగుతూ వస్తే కట్టె కాలడం లేదు, కుములుతోంది, మాంసం చేదెక్కుతుంది. కొవ్వు నిప్పు మీద పడి మాడినా, కట్టె కుమిలినా బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు పెరుగుతాయి. కాబట్టి ఇది రోజూ తినే వంట కాదని ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఆ నీలిరంగు డ్రమ్ము దగ్గరికి.

ఈ 200 లీటర్ల ఇనుప డ్రమ్ముకు పూర్వీకులనదగ్గ డ్రమ్ముల పేటెంట్లు 1905 నాటివి. అమెరికాలో హెన్రీ వెర్హాన్ అనే ఇంజినీరు వాటిని సాధించి తన యజమానురాలు నెల్లీ బ్లై పేర రాశాడు. 72 రోజుల్లో ప్రపంచం చుట్టివచ్చిన పాత్రికేయురాలు ఆవిడే. కారకుండా, దొర్లించడానికి వీలుగా ఉండటం వల్ల ఇనుప డ్రమ్ము ప్రపంచమంతా పాకింది. మందుల పరిశ్రమలున్న చోట అందులో టోలీన్ రావచ్చు, మెథనాల్ రావచ్చు, ఆమ్లం రావచ్చు, వ్యర్థ ద్రావణాలూ పోవచ్చు. డ్రమ్ము ఖాళీ అయిందని చెప్పేటప్పుడు మనం చెప్పేది ద్రవం గురించి. అడుగున తడి, అతుకులో జిడ్డు, లోపలంతా ఆవిరి అలాగే ఉంటాయి.

లెక్క చూడండి. గాలిలో టోలీన్ ఆవిరి 1.2 శాతం దాటితే నిప్పురవ్వకు పేలుతుంది. 200 లీటర్ల డ్రమ్ములో 1.2 శాతం అంటే 2.4 లీటర్ల ఆవిరి. అంత ఆవిరికి కావలసిన ద్రవం సుమారు 10 మిల్లీలీటర్లు, రెండు టీస్పూన్లు. నిండు డ్రమ్ములో గాలి ఉండదు కాబట్టి అది ఈ విధంగా పేలదు, ఖాళీది పేలుతుంది. గ్యాస్ కట్టర్‌తో ఖాళీ డ్రమ్ములు చీల్చే కార్మికులు ప్రాణాలు పోగొట్టుకునేది ఈ రెండు టీస్పూన్ల వల్లే. అమ్మకానికి ఉన్న డ్రమ్ము ఆ గండం దాటి వచ్చింది, కొనేవాడికి ఆ భయం లేదు. కానీ చీల్చినంత మాత్రాన లోపల ఇంకినదేదీ పోలేదు. తొలి మంటలో అది పొగగా లేచి మాంసం మీద వాలుతుంది. లోపలి ఎపాక్సీ పూత మాడుతుంది. బయటి రంగులో సీసం ఉండవచ్చు.

జింకు పూత వేరే కథ. 419 డిగ్రీల దగ్గర జింకు కరుగుతుంది. నిప్పులు నేరుగా తగిలే చోట, వెల్డింగ్ మంటలో తెల్లటి పొగై లేస్తుంది. దాన్ని పీల్చిన వెల్డర్లకు సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది, పాలు తాగితే తగ్గుతుందని ఒక నమ్మకం. పాలకు ఆ శక్తి లేదు. జాలీకి జీఐ తీగ, అంటే జింకు పూత తీగ, వాడితే నిమ్మరసం, పెరుగు పట్టించిన మాంసం దాని జింకును కరిగించుకుంటుంది, వాంతులు కావచ్చు.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో 33.1 సంఖ్య కింద, ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములను ప్రమాదకర వ్యర్థాలుగానే లెక్కగట్టారు. వాటిని శుద్ధి చేయడానికి అనుమతి పొందిన వారికే ఇవ్వాలి. రోడ్డు పక్క తుక్కు దుకాణానికి అవి చేరడమే తప్పు. కనిపించనివాటి సంగతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. ఆ నీళ్లు అప్పట్లో వాగుల మీదుగా మంజీర వైపు పోయేవి. నీటిని చూసి ఎవరూ ఆ సంగతి చెప్పలేరు. డ్రమ్మును చూసి కూడా చెప్పలేరు.

డ్రమ్ముతోనే చేయాలనుకునేవారికి దారి లేకపోలేదు. చిత్తూరు జిల్లా నుంచి తోతాపురి మామిడి గుజ్జు ఇలాంటి ఇనుప డ్రమ్ముల్లోనే ప్రయాణిస్తుంది, శుభ్రమైన సంచిలో నింపి ఉంటుంది కాబట్టి గుజ్జు ఇనుముకు తగలదు. పుట్టింది ఎక్కడో తెలిసిన అలాంటి డ్రమ్ము దొరికితే, లోపలి పూతా బయటి రంగూ మొత్తం పోయేదాకా మనుషులకు దూరంగా ఎర్రటి మంటలో కాల్చి, మెరిసేదాకా గీకి, తర్వాత నూనె పట్టించాలి.

నా తుప్పు స్మోకర్ పని ముగియడానికి మూడు ఆదివారాలు పట్టింది. మరో ఇనుప రేకు కోసం వెళ్లినప్పుడు చూస్తే ఆ నీలిరంగు డ్రమ్ము అక్కడ లేదు. ఎవరో కొనుక్కుపోయారట. చిట్కుల్, ఇస్నాపూర్, ముత్తంగి చుట్టుపక్కల ఇటీవల అలాంటిది కొన్నవారు ఉంటే, దయచేసి దాని మీద వండకండి.